నీలిరంగు: తొట్టి పండినదని తెలిసికొనుట యెట్లు?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పట్టణములు పూర్వము ప్రత్తితోపాటు నీలిమందు వర్తకమునకును బేరుగాంచినవి. మన కడప పేరే "కుర్పా" యని మారి, విదేశపు టంగళ్లలో నొక రకపు నీలిమందునకు పేరయ్యెను. 1897వ సంవత్సరమున జర్మనీదేశపు బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీవారు కృత్రిమ నీలిని అంగడికి దెచ్చిరి. దాని ధర తగ్గినకొలది మన నీలితొట్లు ఎండిపోయినవి. నేడు మొక్కల రంగులను గోరి కొనువారు మరల నేర్పడుచున్నారు. వారు హెచ్చు ధర నిత్తురు. కాని రంగు నిలిచిననే యిత్తురు.

ఈ మాట మేము నష్టపడి నేర్చుకొంటిమి. కొన్ని యేండ్ల క్రిందట నొక గ్రామమున అద్దకపు ప్రదర్శనము జరిపితిమి. నేతవారొకరు పండ్రెండు చిలపల నూలు తెచ్చియిచ్చిరి. నాలుగవనాటికి తొట్టి నీలముగ గనబడుటచే సిద్ధమైనదని తలచి నూలు ముంచితిమి. నూలు తొట్టినుండి నీలముగనే వెడలెను, అందరును మెచ్చిరి. ఆ నూలు చీరయై అంగడికి బోయెను. మొదటి యుతుకునందే రంగు విడిచి, తెల్లని యంచునకు మరక పట్టెను. చీర తిరిగి వచ్చెను. సొమ్ము మేము చెల్లించితిమి. కాని ఆ వర్తకుడు మరల ఆ నేతవారి నీలిచీర కొనలేదు. తప్పు మొక్కది కాదు, నూలుది కాదు, మా తొందరది.

మొక్కయు, కోతయు

నీలిమొక్క చూపునకు వెంపలిని బోలియుండును. వెంపలి కాయ బల్లపరుపుగ నుండును. నీలికాయ సన్నగను గుండ్రముగను ఉండును. వెంపలి యాకును కొన పట్టి లాగినచో బాణపు మొనవలె చీలును. ఈ రెంటిని కలిపి కోయరాదు.

పూత మొదలగు వేళకు ఆకులో రంగు హెచ్చు. అప్పుడు తెల్లవారుజామున గోసి, ఆనాడే తొట్టిలో వేయవలెను. వాడిన యాకు రంగు కోల్పోవును. మోడును వదలినచో మరల చిగిర్చి రెండవ కోత నిచ్చును. నీలి కాయజాతి పైరు. వేళ్ల బుడిపెలలో నత్రజనిని నిలుపును. పిండిన యాకు మంచి యెరువు.

మందు తీయుట

ఆకును నీటిలో ముంచి, పైకి తేలకుండ బరువులుంచి, సుమారు పండ్రెండు గంటలు నానబెట్టవలెను. నీరు పసుపుపచ్చనగును. దానిని వేరొక తొట్టిలోనికి వంచి, కొంచెము సున్నపు నీరు చేర్చి, రెండు గంటలు బాగుగ చిలుకవలెను. గాలి సోకి పచ్చనినీరు నీలమగును. రాత్రి కదలించక యుంచినచో మందు అడుగున దిగును. పైనీరు తీసి, అడుగుమందును కాచి, గుడ్డలో వడగట్టి, బిళ్లలుచేసి నీడ నారబెట్టవలెను. నూరు కిలోల పచ్చియాకునకు అరకిలో మందు దాటుట యరుదు.

మన్నుగాని గంజిగాని కలుపుట తూకమును హెచ్చించి బేరును జెరచును. స్వచ్ఛమైన బిళ్ల తేలికగ నుండును. గోటితో రుద్దిన రాగివలె మెరయును. వేడి పెంకుపై వేసిన ఊదారంగు పొగ వెడలును.

తొట్టి పెట్టుట

నీలి నీట కరుగదు. కరుగనిది నూలు లోపలికి బోదు, పైపైన నంటుకొనును. మాకు గలిగిన నష్టమునకు హేతువిదియే. కావున దానిని పులియబెట్టి కరగించవలెను.

నేలలో పాతిన కుండలో చౌడుమన్ను కలిపి తేర్చిన నీటిని బోసి, రాత్రి నానబెట్టి నూరిన నీలిని, కొంచెము సున్నమును జేర్చవలెను. తగిరిస గింజలను మెత్తబడువరకు నుడికించి, గోరువెచ్చనైనపుడు నీటితోగూడ బోయవలెను. గింజలు పులియునపుడు సూక్ష్మజీవులు నీలిని కరగునట్టి రూపునకు మార్చును. మూతవేసి, దినమునకొకమారు నురుగు లేవకుండ మెల్లగ కలుపవలెను. చలికాలమున కుండచుట్టు ఎరువు గాని గడ్డి గాని పేర్చవలెను. పుల్లని కంపు పుట్టినచో సున్నము చాలలేదని యెరుగవలెను. సున్నము మితిమీరినచో పులియుట నిలిచిపోవును. పీహెచ్ కాగితము గలవారు 9కిని 10కిని నడుమ నుండునట్లు చూచుకొనవలెను.

పరీక్ష

దినములు లెక్కించి నిశ్చయింపరాదు. తొట్టిని చూచి నిశ్చయింపవలెను. గుర్తులు మూడు:

1. పైన రాగిరంగు మీగడయు, నీలపు నురుగును దేలును.
2. మీగడ తొలగించినచో లోపలి నీరు పసుపుపచ్చగ నుండును. నీలముగ నున్నచో తొట్టి పచ్చిదే.
3. ముంచితీసిన తెల్లనూలుపోగు పసుపుపచ్చగ వెడలి, గాలిలో మన కన్నులయెదుటనే నీలమగును. నీలముగనే వెడలినచో ఆగవలెను.

ముంచుట

నూలులోని గంజియు జిడ్డును పోవునట్లు చాకలిసోడాతో ఉడికించి, కడిగి, తడిగనే ముంచవలెను. చిరివేరు ఎరుపునకు వలె దీనికి పటిక యక్కరలేదు. ఐదు నిమిషములు మెల్లగ ముంచి, పిండి, పావుగంట గాలి కారవేయవలెను. ముదురు రంగునకు ఒక్కమారే చాలసేపు ముంచక, ఇట్లు అయిదారు మారులు చేయవలెను. ఒకదినము ఆరిన పిదప పలుచని చింతపండు నీటను, తరువాత కుంకుడు నీటను ఉతుకవలెను. తొట్టినీటిని బావులకును వాగులకును వదలరాదు.

కడపట తడి తెల్లగుడ్డతో రుద్ది చూడవలెను. కొంచెము మరక నీలికి సహజము. గుడ్డ నిండుగ నీలమైనచో ఆ నూలు అమ్మరాదు. ఈ రుద్దు గుడ్డను ప్రతి సరకుతోడను సంఘములో నుంచుట మంచిదని మా మనవి. ఆకు అమ్మెడు పులివెందుల రైతునకును, నేసెడు జమ్మలమడుగు నేతవారికిని, విక్రయించెడు ప్రొద్దుటూరు వర్తకునకును ఆ గుడ్డయే సాక్ష్యము. క్రొత్తవారు మొదట ఒక చిన్నకుండతోను, పావుకిలో నూలుతోను ప్రారంభింపుడు. చెడినను నష్టము స్వల్పము.