అచ్చయిన జవాబు తప్పయితే

పిల్లవాడు లెక్క చేసి, పుస్తకం చివరి పేజీలో జవాబు చూసుకుంటాడు. కలవదు. వెంటనే రబ్బరు తీసి తన జవాబు చెరిపేస్తాడు. "పుస్తకంలో ఉన్నది తప్పెలా అవుతుందిరా?" అని మనమూ అంటాము. కాని అవుతుంది. ప్రాథమిక తరగతుల గైడ్లలో, అభ్యాస పుస్తకాలలో తప్పులు లేకపోలేదు. 6కు బదులు 9 పడిన అచ్చుతప్పుతో పెద్ద నష్టం లేదు. సూత్రాన్నే తప్పుగానో సగంగానో నేర్పితేనే చిక్కు.

20 – 8 + 5 ఎంత? "బోడ్మాస్" అక్షరాల వరుసను పట్టుకుని, ముందు కూడిక, తరువాత తీసివేత అని చెప్పే పుస్తకాలున్నాయి. అలా చేస్తే 8, 5 కలిపి 13. 20లో 13 పోగా 7. ఇది తప్పు. కూడికకు, తీసివేతకు సమాన హోదా ఉంది. ఎడమ నుండి కుడికి వెళ్తూ ఏది ముందు వస్తే దానినే ముందు చేయాలి. జవాబు 17. భాగాహారం, గుణకారం విషయంలోనూ ఇంతే. నమ్మకం కలగకపోతే పిల్లవాని చేతికి 20 రూపాయలిచ్చి, 8 తీసుకుని, మళ్ళీ 5 ఇచ్చి లెక్కపెట్టమనండి.

"10తో గుణిస్తే చివర సున్నా చేర్చండి" అన్నది మరొక సగం సూత్రం. పూర్ణసంఖ్యలకు సరే. దశాంశాలు రాగానే పిల్లలు 2.5 × 10 = 2.50 అని రాస్తారు. రెండున్నర రూపాయల పెన్సిళ్ళు పది ఇచ్చి రెండున్నర రూపాయలే పుచ్చుకునే దుకాణదారుడు ఎక్కడైనా ఉన్నాడా?

సగం సూత్రం ఎంత దూరం లాక్కుపోతుందో మన శ్రీసభ చరిత్రలోనే ఉంది. "4తో భాగించబడే ప్రతి సంవత్సరం లీపు సంవత్సరం" అని నేటికీ కొన్ని పుస్తకాలలో కనబడుతుంది. జూలియస్ సీజర్ నాటి పంచాంగం సరిగ్గా ఇదే పాటించింది. దానివల్ల సంవత్సరానికి సుమారు 11 నిమిషాలు ఎక్కువయ్యేవి. పదకొండు నిమిషాలే కదా అనుకోవచ్చు. కాని సుమారు 128 ఏళ్ళకు అది ఒక రోజవుతుంది. 325లో నైసియా మహాసభ జరిగిన కాలానికి మార్చి 21న ఉన్న వసంత విషువత్తు, అనగా పగలు రాత్రి సమానమయ్యే రోజు, 16వ శతాబ్దానికి మార్చి 11కు జరిగిపోయింది. పాస్కా పండుగ తేదీ దానిమీదే ఆధారపడుతుంది. కనుక 1582లో 13వ గ్రెగోరి పోపుగారు, యేసుసభ గురువు క్రిస్టఫర్ క్లావియుస్ వంటి గణితజ్ఞుల సాయంతో పంచాంగాన్ని దిద్దించారు. ఆ సంవత్సరం అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 అయింది. అవిలాపుర పునీత తెరేసమ్మగారు సరిగ్గా ఆ రాత్రే స్పెయిను దేశంలో కన్నుమూశారు. ఆమె పండుగ అక్టోబరు 15న వస్తుంది.

దిద్దిన సూత్రం ఇది: రెండు సున్నాలతో ముగిసే శతాబ్ది సంవత్సరమైతే 400తో భాగించబడాలి. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 అవును, 2100 కాదు. ఈనాటి మన పిల్లల్లో కొందరు ఆ 2100ను చూస్తారు కూడా.

ఇంట్లో చేయవలసింది కష్టమేమీ కాదు. జవాబు కలవనప్పుడు రబ్బరు తీయనివ్వకండి. "నీకెలా వచ్చింది?" అని అడిగి, వాడు చెప్పేది చివరిదాకా వినండి. గింజలతోనో చిల్లరతోనో సరిచూడండి. చాలాసార్లు తప్పు పిల్లవానిదే అవుతుంది, అప్పుడు వాడే దిద్దుకుంటాడు. పుస్తకానిదైతే టీచరుగారికి మర్యాదగా చూపించమనండి. నిజమని తెలిసినదాన్ని భయపడి చెరిపేసే అలవాటు లెక్కల పుస్తకంతో ఆగదు.

ఆ పుస్తకం వచ్చే ఏడు తమ్ముడికో పక్కింటి పాపకో వెళ్తుంది. సరైన జవాబును చివరి పేజీలో పక్కనే పెన్నుతో రాసి ఉంచండి.