బీడీ మానుడు కూడ వైద్యంలో భాగమే

దోమకొండ

బిడ్డా,

నీ ఉత్తరం చదివిన. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌ల ఎమ్మెన్జే దవాఖానలో గొంతు క్యాన్సర్‌కు కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటున్న పెద్దాయన, శనివారం ఇంటికొచ్చి అరుగు మీద కూసోని బీడీ ముట్టిస్తున్నడని రాసినవు. "రావలసిన రోగం వచ్చింది, ఇప్పుడు మానితే ఏం ఫాయిదా?" అని ఆయన అడిగితే నీకు జవాబు దొరకలేదన్నవు. జవాబు ఉన్నది. నర్సుగ పనిచేసినన్నాళ్లు ఈ ప్రశ్న నేను వినుకుంటనే ఉన్న.

"ముందే మానితే ఈ గతి పట్టేదా" అన్న మాట నీ నోట రావద్దు. ఆ మాట ఆయన రాత్రింబవళ్లు తనకు తానే అనుకుంటనే ఉంటడు. మనం కూడ అంటే దాచుకొని తాగుతడు, డాక్టరుకు అబద్ధం చెప్తడు. ఆయనకు ఇప్పటి లాభం చెప్పు. కరెంటు గడ్డను చంపాలంటే గడ్డకు ఆక్సిజన్ అందాలె. బీడీ పొగల ఉండే కార్బన్ మోనాక్సైడ్ రక్తంల ఆ ఆక్సిజన్ జాగను ఆక్రమిస్తది. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు అంత కష్టపడి పెట్టించుకున్న కరెంటు సగం పనికే పోవద్దు గదా అని అడుగు. బీడీ తాగుతనే ఉంటే నోట్లె పుండ్లు ఎక్కువైతయి, ఆపరేషన్ అయితే కుట్లు తొందరగ మానవు, ఇంకో చోట కొత్త క్యాన్సర్ పుట్టే భయం పెరుగుతది. క్యాన్సర్ వచ్చినంక పొగ తాగుడు ఆపినా మేలే జరుగుతదని 2014ల అమెరికా సర్జన్ జనరల్ నివేదిక గట్టిగనే చెప్పింది.

ఇగ మన దిక్కు అసలు చిక్కు వేరే. ఆయన భార్య బీడీలు చేస్తది. మన ఊర్లల్ల ఎన్నో ఇండ్లు చాటల తంబాకు, తునికాకు పెట్టుకొనే బతుకుతున్నయి. ఆయనకు హైదరాబాద్ బస్సు కిరాయి కూడ ఆ బీడీల పైసలే. ఆ పని బంద్ చెయ్యమని చెప్పే హక్కు మనకు లేదు, చెప్పొద్దు కూడ. కాని ఆమెతోని విడిగ మాట్లాడు. వైద్యం నడిచే నెలలు చాట తీసుకొని పక్కింటి వాకిట్ల కూసోమను. కట్టలు, తంబాకు డబ్బా ఆయన కంట పడకుంట తాళమేసి పెట్టమను. చూడనీకి వచ్చే చుట్టాలకు కూడ బీడీలు తేవద్దని ఆమెతోనే చెప్పియ్యి. ప్రేమతోనే ఒక కట్ట జేబుల పెట్టి పోతుంటరు వాళ్లు.

బీడీ ఆకుదే గదా, సిగరెట్టంత చెడ్డది కాదని చెప్పేటోళ్లు మస్తుగ ఉంటరు. గుంజకపోతే బీడీ ఆరిపోతది. అందుకే మాటిమాటికి గుంజుతరు. నికోటిన్, తారు ఏం తక్కువ పోవు.

పొద్దున లేచిన అర్ధగంటల ముట్టిస్తున్నడా అని అడుగు. అట్లయితే ఒక్క మనసు గట్టిదనంతోని కాదు, మందు కావాలె. నికోటిన్ బిళ్ళ నములుడు పుండ్లున్న నోటికి బాధ. చర్మం మీద అతికించే పట్టీ ఇయ్యొచ్చా అని క్యాన్సర్ డాక్టరును అడగమను. ఇసొంటి నికోటిన్ మందులు 2022ల దేశపు అత్యవసర మందుల జాబితాలకు వచ్చినయి. బీడీకి బదులు గుట్కానో జర్దానో పెట్టుకుంటనంటే ఒప్పుకోకు. అది కూడ తంబాకే.

మొదటి మూడు నాలుగు రోజులు నిద్ర రాదు, చీటికిమాటికి కోపమొస్తది, ఇంట్లోళ్ల మీద అరుస్తడు. ఇది ముందే భార్యకు చెప్పు, లేకపోతే ఆమెనే భయపడి బీడీ చేతికిస్తది. ఆ రోజులల్ల నువ్వే ఫోన్ చెయ్. నడుమ ఒకటి తాగినా తిట్టకు. ఎన్ని గంటలకు, ఎవరిచ్చిండ్రు, అప్పుడు మనసుల ఏమున్నది, ఇదే అడుగు. సిగరెట్ పెట్టె మీద అచ్చేసిన 1800-11-2356 నంబరుకు పైసలు పడవు, నువ్వే కలిపియ్యి.

రోగం ముదిరి, నయంకాదని డాక్టర్లు చెప్పినోళ్ల సంగతి వేరే. వాళ్లకు మానితే దమ్ము కొంచెం తేలికైతదని చెప్పు, అడిగితే సాయం చెయ్, బలవంతం వద్దు. మిగిలిన దినాలు మనతోని కొట్లాటకు కాదు. ఈ పెద్దాయన అట్ల కాదు, ఆయనకు వైద్యం నడుస్తున్నది.

ఈ శనివారం ఆయన ఊరికి రాకముందే పోయి ఆ ఇల్లాలిని కలువు. కట్టలు ఇంట్లె ఎక్కడ పెడుతున్నదో మొదలు అది అడుగు.

నీ పెద్దమ్మ