పండ్లు కొఱుకుటయు, దానికి వేయు సూదిమందును

నిద్రలో పండ్లు పటపట కొఱుకుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు. ప్రక్కను పండుకొన్న తోబుట్టువులు ఆ చప్పుడునకు మేల్కొందురు గాని, కొఱికినవానికి తెల్లవాఱిన తరువాత దాని జ్ఞాపకమే యుండదు. ఇంటిలోని పెద్దలు విని, బిడ్డ కడుపులో నులిపురుగులున్నవని చెప్పుదురు. పురుగులున్నచో వానికి తగిన మందు నిప్పింపవలసినదే. కాని పురుగులు లేని పిల్లలును, పెద్దలును గూడ కొఱుకుచునే యున్నారు గనుక ఆ మాటతో విషయము తీరదు. దంతవైద్యులు దీనికి బ్రక్సిజము అని పేరు పెట్టిరి. ఇటీవలి కాలమున దీనికి దవడ కండరములోనికి ఒక మందును సూదితో ఎక్కించు పద్ధతి వ్యాపించుచున్నది. ఆ మందు మనుష్యులెఱిగిన విషములన్నిటిలో మిక్కిలి తీక్ష్ణమైనది. అట్టి విషము మందెట్లయ్యెనో, అది దవడయందు ఏమి చేయునో, ఏమి చేయజాలదో తెలిసికొనుట మంచిది.

మొదట ఆ కండరములను గుఱుతింపవలెను. చదువరులు తమ వ్రేళ్లను చెవులకు కొంచెము ముందుగా, చెంప క్రిందిభాగమున ఆనించి, పండ్లను గట్టిగా బిగించి చూతురు గాక. వ్రేళ్ల క్రింద గట్టిగా ఉబికివచ్చునది మాసిటర్ అను కండరము. అది చెక్కిటి యెముకనుండి బయలుదేఱి దవడ మూలకు అంటుకొని యున్నది. అట్లే కణతలపై వ్రేళ్లుంచి బిగించినచో అచ్చటను కదలిక తెలియును. అది విసనకఱ్ఱవలె పఱచుకొన్న టెంపొరాలిస్ అను కండరము. లోపలివైపున మఱియొక కండరము వీనికి తోడ్పడును. ఇవి యన్నియు దవడను మూయుటకై యేర్పడినవి.

ఇచ్చట చాలమంది యెఱుగని సంగతి యొకటి కలదు. నోరు మూసికొని ఊరక కూర్చున్నప్పుడు పెదవులు కలిసియుండును గాని పండ్లు కలిసియుండరాదు. పై వరుసకును క్రింది వరుసకును నడుమ కొంచెము ఎడముండుటయే స్వభావము. భోజనము చేయునప్పుడును, మ్రింగునప్పుడును తప్ప పండ్లు ఒకదానినొకటి తాకవలసిన పని లేదు. అట్లుండగా, లెక్క చేయుచును, ఉత్తరము వ్రాయుచును, బండి తోలుచును గంటల తరబడి పండ్లు బిగించుకొని యుండువారు కలరు. ఇది పగటి బిగింపు, దీనికి చప్పుడుండదు. రాత్రివేళ కొఱుకుట వేఱు. అది తాళము వేసినట్లు ఆగి ఆగి వచ్చును. ఏండ్లు గడచిన కొలది పండ్ల కొనలు అరిగి చదునగును, పగుళ్లు పాఱును, నింపిన సిమెంటు ఊడును. ప్రొద్దున లేవగానే దవడ పట్టివేసినట్లుండును, కణతలు నొచ్చును. విఱిగిన యెముక అతుకుకొనును, తెగిన చర్మము మానును. పంటిపైనున్న ఎనామిల్ అను గట్టి పొర యొక్కసారి అరిగినచో శరీరము దానిని మరల పుట్టింపలేదు. కనుకనే యిది నవ్వి విడిచిపెట్టదగిన అలవాటు కాదు.

పూర్వము పై పండ్లును క్రింది పండ్లును సరిగా పొసగకపోవుటయే దీనికి కారణమని తలచి, మంచి పండ్లను ఆకురాయివంటి పనిముట్లతో అరగదీసినవారు గూడ నుండిరి. ఇప్పటి వైద్యులు ఆ యభిప్రాయమును చాలవఱకు విడిచిరి. నిద్రలో మెదడు మాటిమాటికి క్షణకాలము మేలుకొనబోవును. గుండె కొంచెము వేగముగా కొట్టుకొనును. ఆ వెంటనే దవడ కండరములు బిగియుట మొదలగును. ఆజ్ఞ మెదడునుండి వచ్చుచున్నదనుటకు ఇది గుఱుతు. మనోవ్యాకులము, కాఫీ, సారాయము, పొగాకు, మానసిక వ్యాధులకిచ్చు కొన్ని మందులు, గుఱకతో శ్వాస ఆగుచుండు జబ్బు — వీనితో దీనికి సంబంధము కానవచ్చినది. 2018వ సంవత్సరమున పలు దేశముల నిపుణులు కూడి, ఇతరవిధముల ఆరోగ్యవంతుడైన మనుష్యునియందు దీనిని వ్యాధిగా గాక కండరములు చేయు ఒక చేష్టగా ఎంచవలెనని నిర్ణయించిరి. ఈ మాటను జ్ఞాపకముంచుకొన్నచో సూదిమందు సంగతి సుబోధమగును.

ఇక ఆ విషము చరిత్ర. జర్మనీలో వుర్టెంబర్గు దేశమున యుస్టినస్ కెర్నర్ అను వైద్యుడుండెను, ఆయన కవియును. ఆ ప్రాంతమున చెడిన మాంసపు గొట్టములను, అనగా సాసేజీలను తిని జనులు చచ్చుచుండిరి. చూపు చెదరును, ఱెప్పలు వాలును, మ్రింగుడు పడదు, తుదకు ఊపిరి ఆగును. తెలివి మాత్రము కడవఱకు నిలుచును. కెర్నర్ ఈ రోగులను శ్రద్ధతో పరీక్షించి, ఆ విషమును తాను గూడ కొంచెము రుచిచూచి, 1820, 1822 సంవత్సరములలో గ్రంథములు ప్రచురించెను. మిక్కిలి కొలదిగా వాడినచో అతిగా చలించు నరములను శాంతింపజేయుటకు ఇది పనికిరావచ్చునని ఆయన అప్పుడే ఊహించెను. లాటిను భాషలో బొటులస్ అనగా సాసేజీ. బొటులినమ్ అను పేరు అందుండి వచ్చినది.

1895లో బెల్జియము దేశమున ఎల్లెజెల్ అను గ్రామమున ఒక శవసంస్కారమునకు వాద్యము వాయింపవచ్చినవారు ఉప్పువేసి నిలువచేసిన పందిమాంసము తిని జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి. ఎమీల్ వాన్ ఎర్మెంగెమ్ అను పండితుడు ఆ మాంసమునుండి విషమును పుట్టించు సూక్ష్మజీవిని కనుగొని 1897లో ప్రకటించెను. అది గాలి చొరనిచోట పెరుగును. సరిగా కాచక డబ్బాలలో మూసిన ఆహారము ప్రమాదకరమగుట యిందువలననే. 1949లో ఇంగ్లండున బర్గెన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఈ విషము నరమునకును కండరమునకును నడుమ ఏమి చేయునో చూపిరి. అటుపిమ్మట అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో పట్టణమున అలాన్ స్కాట్ అను నేత్రవైద్యుడు, మెల్లకంటిని కత్తితో కోయక సరిచేయుటకు మార్గము వెదకుచు, దీనిని మొదట కోతులకును, పిదప మనుష్యులకును ఇచ్చి చూచెను. కోతులమీది ఫలితములు 1973లోను, మనుష్యులమీదివి 1980లోను వెలువడినవి. 1989లో అమెరికా ప్రభుత్వము మెల్లకంటికిని, కనుఱెప్పలు తమంత బిగుసుకొను జబ్బునకును దీనిని అంగీకరించెను. బోటాక్స్ అను వ్యాపారనామము నేడు అందఱును వినినదే.

అది పనిచేయు విధమెట్లనగా: కండరమునకు ఆజ్ఞ తెచ్చు నరపు కొనయందు సన్నని బుడగలు కలవు. వానిలో ఎసిటైల్ కొలీన్ అను ద్రవ్యముండును. ఆజ్ఞ రాగానే బుడగలు పగిలి ఆ ద్రవ్యము కండరముపై పడును; కండరము ముడుచుకొనును. బుడగ నరపు గోడను అంటుకొనుటకు కొన్ని మాంసకృత్తులు కొక్కెములవలె ఉపయోగపడును. ఈ విషము ఆ కొక్కెములలో నొకదానిని కత్తిరించును. అప్పుడు జాబు ఊరిదాక వచ్చినను తపాలా బంట్రోతు దానిని ఇంటికి అందింపనట్లగును. మెదడు ఆజ్ఞాపించుచునే యుండును, కండరము వినదు. సూది వేసిన కొన్ని దినములకు బలహీనత మొదలై, మూడు నాలుగు మాసములుండి, నరపు కొన మరల బాగుపడగా తీఱిపోవును. కావున ఫలము కావలెనన్నచో సూది మరల మరల వేయింపవలెను.

పండ్లు కొఱుకుటకు దీనిని వాడిన తొలి వృత్తాంతములలో నొకటి 1990లో ప్రచురింపబడినది. ఆ రోగికి మెదడునకు దెబ్బ తగిలి దవడ బిగుసుకొనుచుండెను. తరువాత కొరియా దేశమున 2010లో పన్నెండుగురిని పరీక్షించిరి. సూది పొడిచిన మాసిటర్ కండరమున రాత్రి బిగింపులు తగ్గినవి; పొడువని కణత కండరమున మునుపటివలెనే యుండెను. అదే దేశమున 2014లో ఇరువదిమందిని నిద్రలో యంత్రములతో పరీక్షింపగా, బిగింపుల సంఖ్య తగ్గలేదు, వాని బలము మాత్రము తగ్గెను. నా యభిప్రాయమున ఈ విషయమంతటికిని కీలకమిదియే. సూదిమందు కొఱుకుటను మాన్పదు. కొఱుకు దెబ్బను మెత్తన చేయును. 2018లో అమెరికాలో ప్రకటించిన పరీక్షలో పదుమువ్వురకు ఈ మందును, తొమ్మండుగురకు ఉత్త ద్రవమును ఇచ్చిరి. మందు పుచ్చుకొన్నవారికి నొప్పియు కొఱుకుటయు నెమ్మదించినట్లు తోచెను; వారిలో ఇద్దఱికి నవ్వు రూపము మాఱెను. ఇవి మంచి గుఱుతులే యైనను, ఇంత కొద్దిమందిని చూచి లోకమునకెల్ల తీర్పు చెప్పరాదు. ఈ పనికై వాడుటకు అమెరికా ప్రభుత్వము నేటికిని ప్రత్యేకముగా అంగీకారమియ్యలేదు. వైద్యులు తమ వివేకముననుసరించి యిచ్చుచున్నారు.

నష్టములును కలవు. నమలు శక్తి తగ్గి చెఱకు, జంతికలు వంటివి కష్టమగును. మందు ప్రక్క కండరములకు ప్రాకినచో నవ్వు వంకరపోవును. దూరముగా వ్యాపించి మ్రింగుటకును ఊపిరికిని అడ్డుపడవచ్చునని 2009లో అమెరికా ప్రభుత్వము సీసాలమీద హెచ్చరిక వ్రాయించెను. కండరబలహీనత జబ్బులవారును, గర్భిణులును దీనికి దూరముగా నుండవలెను. కుందేళ్లకు ఈ సూది వేసి చూడగా, పనిలేని దవడ యెముక పలుచబడెను. మనుష్యులయందు ఆ భయమెంతవఱకు నిజమో యింకను పరీక్షించుచున్నారు. ఒక కంపెనీ మందులోని యూనిట్టు మఱియొక కంపెనీ యూనిట్టుతో సమానము కాదు. కనుక ముఖము సన్నబడునని చెప్పి సౌందర్యశాలలలో ఎవరో పొడుచు సూదికి చెక్కిలి అప్పగించుట ఎంతమాత్రము తగదు. నొప్పి భరింపరానివారికి, తొడుగులను గూడ కొఱికి విఱుచువారికి, నరవ్యాధివలన దవడ బిగుసుకొనువారికి, తెలిసిన వైద్యుని చేతిలో ఇది నిజముగా ఉపకారము.

తలిదండ్రులు తమ పిల్లల విషయమై ఈ సూదిని తలపెట్టవలసిన పని లేదు. చిన్నతనమున కొఱుకుట పెద్దవారిలో కంటె ఎక్కువ, వయస్సు వచ్చిన కొలది చాలమందికి అదియే మానును. బిడ్డ గుఱకపెట్టుచున్నాడా, నోటితో ఊపిరి తీయుచున్నాడా, గొంతుగడ్డలు వాచినవా అని చూచి వైద్యునితో చెప్పవలెను. పెద్దలకు దంతవైద్యులు రాత్రి పెట్టుకొనుటకు పంటితొడుగు చేసి యిత్తురు. అదియు కొఱుకుటను ఆపదు గాని, పంటికి బదులు తాను అరుగును. పగటి బిగింపునకు మందే అక్కఱలేదు. బిగించుచున్నానని తెలిసికొనుటయే కావలసినది. పరీక్షలకు చదువుకొను విద్యార్థులలో ఇది మిక్కిలిగా కానవచ్చును. అట్టివారు పుస్తకపు మూలను, బల్లమీదను, గడియారము ప్రక్కను ఎఱ్ఱ కాగితపు చుక్క నొకదానిని అంటించుకొని, కంటబడినప్పుడెల్ల పండ్లు విడియున్నవా కలిసియున్నవా అని చూచికొని, నాలుకను పై పండ్ల వెనుక నానించి దవడను వదలవలెను.