కథాంతంలో వైమనస్యం: కౌశికుడు, యశోధరుడు, గొల్లరామవ్వ

కథ విని ముగించిన శ్రోత మనస్సు ఒక్కొక్కప్పుడు విస్మయంతో వికసిస్తుంది. ఒక్కొక్కప్పుడు కలతపడి, కథ ముగిసిన పిమ్మట కూడా ఊరట పొందక తిరుగుతూ ఉంటుంది. ఈ రెండు స్థితులు ఒకటి కావు. ఆధునిక కథానికను గూర్చి వ్రాసేవారు తరచుగా ఈ రెండింటినీ కలిపి ‘కొసమెరుపు’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నారు. ప్రాచ్యకళాశాలల్లో అలంకారశాస్త్రం చెప్పేవారిలో కొందరు, రసవిశ్రాంతి నీయనిది కావ్యమెట్లవుతుందని కథానికను శాస్త్రపరిధికి వెలుపలనే నిలుపుతున్నారు. మొదటివారి తొందర వలన, రెండవవారి సంకోచం వలన అసలు విషయం మరుగునపడింది. కలతపెట్టి విడిచే కథకు మన ఆలంకారికుల వద్ద పేరు లేకపోలేదు. ఆ పేరు వైమనస్యం. కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాల కథలను ఆ పేరుతో పరిశీలిస్తే శాస్త్రానికీ, కథకూ ఉభయత్రా మేలు కలుగుతుంది.

ముందుగా విస్మయం సంగతి. నాటకంలో నిర్వహణసంధియందు అద్భుతరసాన్ని నిలపాలని భరతుడు విధించాడు. పదునాలుగవ శతాబ్దివాడైన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో తన పూర్వులలో ఒకరైన నారాయణుని మతాన్ని ప్రస్తావించాడు. రసమాత్రానికి సారం చమత్కారమే కనుక అన్ని రసాలలోనూ ఉన్నది అద్భుతమే అని ఆ మతం. కాబట్టి కథాంతంలో శ్రోతను ఆశ్చర్యపరచడం పడమటి నుండి వచ్చిన క్రొత్త పోకడ అనుకోవడం సరికాదు. 1910లో ఆంధ్రభారతిలో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’ ఇందుకు తెలిసిన ఉదాహరణం. భార్య ఇల్లు విడిచి పోయినదని లేఖ చూచి గోపాలరావుతో పాటు పాఠకుడూ నమ్ముతాడు. ఆమె ఇంట్లోనే ఉన్నదని తెలిసినప్పుడు మనస్సు తేలికపడుతుంది. ఇల్లు నిలిచింది, భర్త దిద్దబడ్డాడు, పాఠకుడు నవ్వుకున్నాడు. ఇది అద్భుతానికి హాస్యం తోడైన నిర్వహణం. ఇందులో విశ్రాంతి ఉంది. కలత లేదు. అది లోపమని చెప్పడం లేదు. ఆ కథ కోరినది అదే.

ఇక వైమనస్యం. ధ్వన్యాలోకం నాల్గవ ఉద్ద్యోతంలో ఆనందవర్ధనుడు మహాభారతానికి అంగిరసమేదో నిర్ణయించే సందర్భంలో ఒక అపూర్వమైన యుక్తి చూపాడు. వృష్ణులు తమలో తాము కొట్టుకొని నశించడం, గెలిచిన పాండవులు సయితం దారిలో ఒక్కొక్కరుగా పడిపోవడం, ఇట్టి విరసమైన ముగింపును వ్యాసుడు తెలిసియే కూర్చాడనీ, శ్రోతకు వైమనస్యం కలిగించడమే దాని పని అనీ, ఆ వైమనస్యం ద్వారా వైరాగ్యం, దాని ద్వారా శాంతం సిద్ధిస్తాయనీ ఆయన వివరణ. మనస్సు చెదిరిపోవడాన్ని కావ్యదోషంగా గాక కవి ఉద్దేశించిన వ్యాపారంగా గుర్తించిన ఈ భాగం మీద పాఠశాలల్లో శాంతరసవాదం కోసం ఎంతో చర్చ జరిగింది. కథాశిల్పం కోసం దానిని చూచినవారు తక్కువ.

మహాభారతం అంతటికీ చెప్పిన ఈ మాట దానిలోని చిన్న కథలకు ఇంకా బాగా అన్వయిస్తుంది. కర్ణపర్వంలో అర్జునుడు గాండీవాన్ని నిందించిన అన్నను చంపడానికి కత్తి దూసినప్పుడు శ్రీకృష్ణుడు చెప్పిన కౌశికోపాఖ్యానం అటువంటిది. నదీసంగమం వద్ద తపస్సు చేసుకొనే కౌశికుడు సత్యమే పలుకుతానని వ్రతం పూనినవాడు. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాగారు. తరుముకొని వచ్చిన దొంగలు వారెటు పోయారని కౌశికుని అడిగారు. ఆయన ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. దొంగలు వారిని పట్టి చంపారు. కౌశికుడు నరకానికి పోయాడు.

ఈ కథలో పాఠకునికి దాచిపెట్టిన సంగతి ఒక్కటీ లేదు. దొంగలెవరో తెలుసు, దాగినవారెక్కడో తెలుసు, కౌశికుని వ్రతమూ తెలుసు. అయినా చివరి మాట గుండెలో గుచ్చుకుంటుంది. సత్యవ్రతం గొప్పదని శ్రోత కథకు ముందే ఒప్పుకొని కూర్చున్నాడు. కౌశికుని మెచ్చుకుంటూ విన్నాడు. నరకమనే తీర్పు కౌశికుని మీద పడినప్పుడు, మెచ్చుకున్న శ్రోత మీద కూడా పడుతుంది. వైమనస్యం పుట్టేది ఇక్కడ. సంఘటన తలక్రిందులైతే విస్మయం. శ్రోత తానే చేసికొన్న నిర్ణయం తలక్రిందులైతే వైమనస్యం. మొదటిది రెండవసారి చదివితే సగమైపోతుంది, రెండవది రెండవసారి చదివితే పెరుగుతుంది. దాచిపెట్టిన దాని మీద ఆధారపడిన కథకూ, బయటనే ఉన్నదానిని చూడనిచ్చిన కథకూ ఈ పరీక్ష చాలు.

ఇప్పుడు కరీంనగరం జిల్లాకు వస్తే, వేములవాడ చాళుక్యుల కాలపు గంగాధర గుర్తుకు వస్తుంది. ఆ మండలంలోని కురిక్యాల బొమ్మలగుట్టపై పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలోని కందపద్యాలు తెలుగువారందరికీ పరిచితం. అదే గంగాధరలో క్రీ.శ. 959లో సోమదేవసూరి యశస్తిలకచంపువును పూర్తిచేశాడన్న సంగతి తెలుగుశాఖలో అంతగా వినబడదు. సంస్కృతం వారు సంస్కృతమనీ, తెలుగువారు తెలుగు కాదనీ ఊరుకున్నట్లుంది. సోమదేవునకు వేములవాడ ప్రభువులు చేసిన దానానికి 966 నాటి పర్భణీ తామ్రశాసనం సాక్ష్యం.

యశోధరుని కథ జైనులలో పలువురు చెప్పినదే. తల్లి చంద్రమతి జంతుబలి ఇమ్మంటుంది. కుమారుడు హింసకు ఒప్పుకోడు, తల్లి మాట కాదనలేడు. పిండితో కోడిని చేసి దానిని నరుకుతాడు. ప్రాణం లేని కోడి, ప్రాణం లేని బలి. ఇద్దరికీ తృప్తి కలిగే మధ్యేమార్గమని శ్రోత కూడా ఊపిరి పీల్చుకుంటాడు. ఆ తరువాత ఆ తల్లీకొడుకులు నెమలిగా, కుక్కగా, నీటి జంతువులుగా, మేకలుగా, చివరకు కోళ్లుగా పుట్టి, మరల మరల తమ సంతానం చేతనే చంపబడతారు. ఈ కథాసంప్రదాయంలో కుమారుడు తండ్రి పరలోకం కోసం పెట్టించే భోజనానికి ఆ తండ్రి శరీరమే వంట అవుతుంది. అతనికి తెలియదు. చెబుతున్నవానికీ వింటున్నవానికీ మాత్రమే తెలుసు.

అహింసాబోధ కోసం ఇంత భయంకరమైన పరంపర అక్కరలేదు. సోమదేవుని వాదప్రియత్వం వలన గ్రంథం చివరి ఆశ్వాసాలు శాస్త్రచర్చలుగా మారిపోయి కథాబలం సడలిందని కూడా నిర్మొహమాటంగా చెప్పవచ్చు. అయినా ఆ పిండికోడి ఘట్టం మరువరానిది. ‘ఇది నిజం హింస కాదు కదా’ అని శ్రోత అనుకున్న ఆ ఒక్క క్షణాన్ని కవి పట్టుకున్నాడు. ఈ కథను కథలోపల వింటున్నవాడు నరబలికి కత్తి ఎత్తిన మారిదత్తరాజు కావడం మరీ గమనింపదగినది. బలికి తెచ్చిన పిల్లలే ఆ కథ చెబుతారు. వినడం ముగిసేసరికి కత్తి దిగిపోతుంది. కలతపడిన శ్రోత ఏమవుతాడో చూపించడానికి శ్రోతనే ఒక పాత్రగా నిలపడం ఇక్కడి విశేషం.

వైమనస్యం కథలో మాత్రమే ఉండదనీ, వినేవానిని బట్టి ఉంటుందనీ ఆదిలాబాదు గోండుల పురాణగాథలు తెలుపుతాయి. పర్ధానులు కీక్రీ వాయిస్తూ గోండుల ఇండ్ల ముందు పాడే ఈ గాథలను హైమెండార్ఫ్ 1948లో అచ్చయిన తన గ్రంథంలో విస్తరంగా నమోదు చేశాడు. అందులో గోండు దేవతలను గుహలో మూసిపెట్టినవాడు సాక్షాత్తు మహాదేవుడు. విడిపించినవాడు పహండి కుపార్ లింగాల్. గోండు శ్రోతకు ఇది తన కులమూలం, వింటే ధైర్యం. శివపురాణం వింటూ పెరిగిన శ్రోతకు చెరసాల కాపరిగా కనబడిన మహాదేవుడు నిద్ర పట్టనీయడు. ఒకే గాథ ఒకరికి విశ్రాంతి, ఇంకొకరికి కలత. సహృదయుడు ఎక్కడైనా ఒకడే అనుకొనే అలంకారశాస్త్రం ఈ విషయం ఇంకా ఆలోచించవలసి ఉంది.

1949లో వరంగల్లు నుండి వెలువడే కాకతీయ పత్రికలో ‘విజయ’ అనే పేరుతో ‘గొల్లరామవ్వ’ కథ వచ్చింది. వ్రాసినది నాటి కరీంనగరం జిల్లా వంగరకు చెందిన పాములపర్తి వేంకట నరసింహారావు. తరువాత వేదపండితులకు పేరొందిన మంథని నియోజకవర్గం నుండి శాసనసభకు ఎన్నికై, 1991 నుండి 1996 వరకు దేశానికి ప్రధానిగా ఉన్నవారు. నిజాం పాలన చివరి రోజులనాటి తెలంగాణ పల్లె కథ అది. నడిరాత్రి వేళ తరుముబడుతున్న పోరాటయువకుడొకడు ఒక ముసలి గొల్లామె గుడిసెలో జొరబడతాడు. ఆమె వెరువదు. ఆదరిస్తుంది. పోలీసులు వచ్చి అడిగినప్పుడు అతనిని తన ఇంటి మనిషిగా నమ్మించి కాపాడుతుంది. అందుకోసం తన మనుమరాలి మర్యాదను కూడా పణంగా పెట్టడానికి వెనుదీయదు.

కర్ణపర్వం చదివినవారికి ఈ కథలో కౌశికుని గుడిసె కనబడక మానదు. తరుముబడేవాడు లోపల, తరిమేవారు వాకిట, నడుమ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన ఒక్క మనిషి. తపస్వియైన కౌశికుడు నిజం చెప్పి నరకానికి పోయినచోట, అక్షరం రాని రామవ్వ అబద్ధమాడి నిలిచింది. రచయిత ఈ పోలికను ఉద్దేశించాడా లేదా అన్నది వేరే ప్రశ్న. కథ తీరును బట్టి పోలిక తనంతట తాను నిలుస్తుంది.

అయితే ఇక్కడ ఆగిపోతే రామవ్వ కథ కేవలం వీరగాథ అవుతుంది. తుపాకి చేతబట్టినవాడు నాయకుడని నమ్మి చదివిన పాఠకుడు, ధీరోదాత్తత ముసలామె వద్ద కనబడేసరికి ఆశ్చర్యపడతాడు, సంతోషిస్తాడు. అది విస్మయం. కలత మనుమరాలి విషయంలో ఉంది. ఒక ప్రాణం నిలపడానికి ఆ పిల్ల పరువును అవ్వ క్షణంలో ఒడ్డుతుంటే పాఠకుడు అడ్డు చెప్పడు. పైగా పోలీసులు నమ్మాలని ఆత్రపడతాడు. కథ మూసిన తరువాత, ఆ ఆత్రంలో తానేమి ఒప్పుకున్నాడో తట్టుతుంది. పిండికోడి వద్ద ఊపిరి పీల్చుకున్న శ్రోత వంటివాడే ఇతడూ.

దీని మీద శాస్త్రపక్షం నుండి ఒక గట్టి ఆక్షేపం ఉంది. అభినవగుప్తుడు చెప్పిన ఏడు రసవిఘ్నాలలో శ్రోత తన సుఖదుఃఖాలకు తాను వశుడై పోవడం ఒకటి. పాఠకుడు తన ఒప్పుకోలును తలచి కుమిలితే అది స్వగతమే గాని సాధారణీకృతం కాదు, కనుక రసం కాదు అంటారు. ఈ ఆక్షేపాన్ని తేలికగా తోసివేయకూడదు. కాని విఘ్నమన్నది ప్రతీతి మధ్యలో అడ్డుపడేది. ఇక్కడ కలత కథ నడిచేటప్పుడు రాదు. కథ నడుస్తున్నంతసేపూ సాధారణీకరణం చక్కగా జరిగింది, అందువల్లనే పాఠకుడు రామవ్వతో ఏకమై ఆత్రపడ్డాడు. కలత దాని ఫలం. ఆనందవర్ధనుడు వైమనస్యాన్ని ముగింపునకు చేర్చి చెప్పడంలో ఉన్న వివేకం ఇదే.

ఒక భేదం మాత్రం ఒప్పుకోవాలి. మహాభారతంలో వైమనస్యం నిర్వేదానికి దారి తీస్తుంది. యశోధరకథలో కత్తి దింపడానికి, దీక్షకు దారి తీస్తుంది. గొల్లరామవ్వ కథ ఎక్కడికీ దారి చూపక పాఠకుని అక్కడనే నిలుపుతుంది. 1970ల తరువాత ఈ ప్రాంతం నుండి భూమి, వెట్టి, బొగ్గుగని, బీడీ కార్ఖానా వస్తువులుగా కథలు వ్రాసిన అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, బి.ఎస్. రాములు, కాలువ మల్లయ్య ప్రభృతుల రచనలలో ఆ కలత నిర్వేదం వైపు గాక క్రోధం వైపు, కర్తవ్యం వైపు మళ్లే సందర్భాలు అనేకం. ఒక్కొక్క కథనూ విడిగా పట్టుకొని, ఏ వాక్యం వద్ద పాఠకుని ఒప్పుకోలు జరిగిందో, ఏ వాక్యం వద్ద అది తలక్రిందులైనదో గుర్తించడం పరిశోధకులు చేయవలసిన పని. స్థాయీభావం పేరు పెట్టి ఊరుకుంటే చాలదు.

తరగతిలో గొల్లరామవ్వను చెప్పేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. 1949లో ఆ కథ చదివినవారికి ‘విజయ’ ఎవరో తెలియదు. నేటి విద్యార్థికి ముందుగా ప్రధానమంత్రి పేరు తెలుస్తుంది. ఆశ్చర్యమంతా రచయిత మీదనే ఖర్చయిపోయి, రామవ్వకు, ఆమె మనుమరాలికి మిగలదు. పేరు చెప్పక ముందే కథను ఒకసారి చదివించి, తరువాత కర్ణపర్వంలోని కౌశికోపాఖ్యానం చెప్పి, మరల అదే కథను రెండవసారి చదివించే పద్ధతి ఉభయశాఖల అధ్యాపకులకూ అనుకూలంగా ఉంటుంది.