టీవీలో గాలం, కాళ్లకు చక్రాలు, చెవిలో డిస్కో



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మ అన్నారు: "మేడమ్, మావోడు పుస్తకం ముట్టడు. టీవీల చేపలు పట్టుడే చూస్తడు, లేకుంటే స్కేట్లు కట్టుకొని రోడ్డు మీద పడ్తడు." ఇంకొక నాన్నగారిది పాటల బాధ. సెకండ్ షిఫ్ట్ దిగి ఆయన ఇంటికొచ్చే వేళకు కూడా అమ్మాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పాత డిస్కో పాటలు వింటూనే ఉంటుందట. ఈ మూడింటినీ మాన్పించడం కంటే పాఠంగా మార్చుకోవడం తేలిక.

1970లలో అమెరికాలో రాత్రిపూట స్కేటింగ్ రింకుల్లో డిస్కో పాటలకు చక్రాల మీదే డాన్స్ చేసేవారు. అప్పుడే వచ్చిన పాలీయూరిథేన్ చక్రాలతో పట్టు పెరిగింది, చప్పుడు తగ్గింది. మనకు డిస్కో సినిమా హాలు దారిలో వచ్చింది: 1982లో హిందీ 'డిస్కో డాన్సర్', దాన్నే తెలుగులో తీసిన 1984 నాటి 'డిస్కో కింగ్'. ఇంట్లో తాతయ్యను అడిగి చూడండి, బాలకృష్ణ స్టెప్పులు గుర్తుండే ఉంటాయి! డిస్కో పాటలో నిమిషానికి సుమారు 120 బీట్లు. పిల్లలతో 15 సెకన్లు లెక్కపెట్టించి 4తో గుణించమనండి. చేతి నాడినీ అలాగే చూడొచ్చు.

స్కేట్లంటే 8వ తరగతి ఘర్షణ పాఠమే. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద పొడి, చిన్న రాళ్లు ఉంటాయి. అక్కడ చక్రం జారుతుంది. హెల్మెట్, మోకాలి ప్యాడ్లతో, వెలుతురు ఉండగా, గ్రౌండ్‌లోనే ఆడనివ్వండి.

నాకు అసలు భయం చేపల ప్రోగ్రామ్‌తోనే. అది చెడ్డదని కాదు. 2009లో మొదలైన 'రివర్ మాన్‌స్టర్స్'లో గాలం వేసే జెరెమీ వేడ్ ఒకప్పుడు బయాలజీ టీచర్! మన రాష్ట్ర చేప కొర్రమట్ట గాలి పీల్చడానికి నీటిపైకి ఎందుకు వస్తుందని అడిగే పిల్లలు నా క్లాసులో ఉన్నారు. కానీ గంటల తరబడి ఎదురుచూసింది టీవీలో కొన్ని నిమిషాలే కనిపిస్తుంది. అది చూసి ఒక బాబు సెలవు రోజున దోస్తులతో నీళ్లు నిండిన పాత గుంత దగ్గరికి గాలం పట్టుకొని వెళ్లాడు. "లోతు లేదు మేడమ్, నడుము దాకే" అన్నాడు. కొలిచావా అంటే, చూస్తే తెలుస్తుంది కదా అన్నాడు.

చూస్తే తెలియదు. వెలుగు నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. దీన్ని వక్రీభవనం అంటాం. నేరుగా పైనుంచి చూసినా లోతు నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. 6 అడుగుల నీళ్లు నాలుగున్నర అడుగులే అనిపిస్తాయి. గట్టు మీద నిలబడి వాలుగా చూస్తే ఇంకా తక్కువ. పైగా ఓపెన్‌కాస్ట్ గుంత చెరువులా మెల్లగా లోతెక్కదు, అంచు దాటగానే నిట్టనిలువుగా దిగిపోతుంది.

ఈ ఆదివారం ఇంట్లో ఒక స్టీలు గిన్నె అడుగున రూపాయి బిళ్ల పెట్టండి. బిళ్ల అంచు చాటుకు పోయేదాకా బాబునో పాపనో వెనక్కి జరగమనండి. వాళ్లు కదలకుండా ఉంటే మీరు మెల్లగా నీళ్లు పోయండి. బిళ్ల పైకి తేలినట్టు మళ్లీ కనిపిస్తుంది. ఎన్ని అంగుళాల నీటికి కనిపించిందో స్కేలుతో కొలిపించి, సైన్స్ నోట్‌బుక్‌లో రాయించి, కింద మీరు సంతకం చేసి పంపండి. సోమవారం మొదటి పీరియడ్‌లో చూస్తాను.