పాత సింగిల్ బోర్డ్ కంప్యూటర్లకు ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పోర్టింగ్: క్షేత్ర ప్రయోగాల సమాచార సేకరణలో పాటించవలసిన పద్ధతి

పరిచయం

క్షేత్ర ప్రయోగాలలో నేల ఉష్ణోగ్రత, నేల తేమ, వర్షపాతం వంటి అంశాలను నిరంతరం నమోదు చేయడానికి సింగిల్ బోర్డ్ కంప్యూటర్ల వాడకం విస్తరించింది. ప్రాసెసర్, మెమరీ, సెన్సర్లను కలిపే పిన్నులు అన్నీ అరచేతిలో ఇమిడే ఒకే పలకపై ఉండటం, తక్కువ ధరకు లభించడం ఇందుకు కారణాలు. 2012 ఫిబ్రవరిలో విడుదలైన రాస్ప్‌బెర్రీ పై మోడల్ బి, 2013లో వచ్చిన బీగల్‌బోన్ బ్లాక్, 2015 నవంబరులో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై జీరో ఈ కోవకు చెందినవి. ప్రాజెక్టు గడువు ముగిసిన తర్వాత ఇటువంటి బోర్డులు ప్రయోగశాల బీరువాలకు చేరుతున్నాయి. వాటిపై కొత్త సాఫ్ట్‌వేర్ పనిచేయదన్న అభిప్రాయంతో కొత్త బోర్డులకు మరల ప్రతిపాదనలు పంపడం పరిపాటి అయింది.

పది నిమిషాలకొకసారి నేల ఉష్ణోగ్రతను నమోదు చేయడానికి 2012లో ఎంత వేగం సరిపోయిందో నేడు కూడా అంతే సరిపోతుంది. బోర్డు సామర్థ్యం తగ్గలేదు. దాని కోసం సాఫ్ట్‌వేర్‌ను సిద్ధం చేసేవారి సంఖ్య తగ్గింది. ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల సోర్స్ కోడ్ అందరికీ లభిస్తుంది కనుక ఆ పనిని మనమే చేసుకునే వీలున్నది. అయితే దానిని సగం చేసి వదిలివేస్తే కలిగే నష్టం, అసలు చేయకపోవడం వలన కలిగే నష్టం కంటె ఎక్కువ. ఈ విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గడియారం నేర్పిన పాఠం

కొన్నేళ్ల క్రితం మా ప్రయోగ క్షేత్రంలో ఖరీఫ్ మొక్కజొన్న మళ్లలో 5 సెంటీమీటర్ల లోతున నేల ఉష్ణోగ్రతను ఒక పాత బోర్డు సహాయంతో నమోదు చేశాము. పంట కోత తర్వాత గ్రాఫులు గీసిన పరిశోధక విద్యార్థిని ఒకరు, కొన్ని రోజులలో నేల గరిష్ఠ ఉష్ణోగ్రత ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య కనిపిస్తున్నదని నా దృష్టికి తెచ్చారు. ఆ లోతున గరిష్ఠ ఉష్ణోగ్రత మధ్యాహ్నం రెండు, మూడు గంటల ప్రాంతంలో రావాలి. సెన్సర్‌ను పరీక్షించి చూస్తే అది సక్రమంగానే ఉన్నది. లోపం గడియారంలో ఉన్నది.

తొలి తరాల రాస్ప్‌బెర్రీ పై బోర్డులపై బ్యాటరీతో నడిచే గడియారం లేదు. నెట్‌వర్క్ అందుబాటులో ఉంటే అవి సమయాన్ని దాని నుంచి తీసుకుంటాయి. నెట్‌వర్క్ లేని పొలంలో కరెంటు పోయి తిరిగి వస్తే, తాము చివరిసారి కార్డుపై దాచుకున్న సమయం నుంచే లెక్క మొదలుపెడతాయి. అర్ధరాత్రి పోయిన కరెంటు ఉదయం ఎనిమిదింటికి వస్తే, అప్పటి నుంచి ప్రతి నమోదు ఎనిమిది గంటలు వెనుకబడి ఉంటుంది. క్షేత్రంలోని విద్యుత్ రిజిస్టరుతో పోల్చి కొంత సమాచారాన్ని సరిచేయగలిగాము. మిగిలిన దానిని విశ్లేషణ నుంచి తొలగించక తప్పలేదు. ఆ తప్పు మాదే. ఆపరేటింగ్ సిస్టమ్‌ను బోర్డుపై ఎక్కించాము గాని, ఆ బోర్డుపై ఏమి ఉన్నదో, ఏమి లేదో దానికి పూర్తిగా తెలియజేయలేదు. పోర్టింగ్ అనగా ఈ తెలియజేయడమే.

పోర్టింగ్‌లోని మూడు అంశాలు

ఒక ప్రాంతానికి రూపొందించిన వంగడాన్ని మరొక ప్రాంతంలో వేయదలచినప్పుడు నేల, వర్షపాతం, పంటకాలం అనే మూడింటిని ముందుగా పరిశీలిస్తాము. అదే విధంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఒక బోర్డుకు మలచేటప్పుడు మూడు అంశాలను పరిశీలించాలి.

మొదటిది ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాల సమితి. తొలి రాస్ప్‌బెర్రీ పైలోని బ్రాడ్‌కామ్ బీసీఎం2835 చిప్, ఆర్మ్ ఆరవ తరం ఆదేశాలను మాత్రమే గ్రహించగలదు. పై జీరోలో ఉన్నది కూడా ఈ చిప్పే. బీగల్‌బోన్ బ్లాక్‌లోని ఏఎం335ఎక్స్ చిప్ ఏడవ తరానికి చెందినది. డెబియన్ వారి ఆర్మ్‌హెచ్‌ఎఫ్ విభాగం ఏడవ తరాన్ని కనీస అర్హతగా తీసుకున్నది. కాబట్టి ఆ ప్రోగ్రాములను పై జీరోపై నడిపితే చెల్లని ఆదేశమన్న సందేశంతో ఆగిపోతాయి. డెబియన్‌లోని ఆర్మ్‌ఈఎల్ విభాగం ఆరవ తరంపై పనిచేస్తుంది గాని, దశాంశ గణనలను సాఫ్ట్‌వేర్ ద్వారా చేయడం వలన నెమ్మదిగా నడుస్తుంది. పైగా 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 ఆ విభాగానికి చివరి విడుదల. ఈ ఇబ్బందిని తొలగించడానికే 2012లో కొందరు ఔత్సాహికులు డెబియన్ ప్యాకేజీలను ఆరవ తరానికి అనువుగా తిరిగి కంపైల్ చేసి రాస్పియన్‌ను రూపొందించారు.

రెండవది బోర్డు వర్ణన. చిప్ ఒకటే అయినా ఏ పిన్నుకు ఏ పరికరం కలిపి ఉన్నదో బోర్డు బోర్డుకు మారుతుంది. పూర్వం లినక్స్ కెర్నల్‌లో ప్రతి ఆర్మ్ బోర్డుకు వేరువేరుగా కోడ్ రాసేవారు. అది అదుపు తప్పి పెరగడంతో 2011లో లినస్ టోర్వాల్డ్స్ తీవ్ర అసంతృప్తి వ్యక్తం చేశారు. ఆ తర్వాత ఆర్మ్ బోర్డులు డివైస్ ట్రీ పద్ధతికి మారాయి. బోర్డుపై ఉన్న పరికరాల జాబితాను, వాటి చిరునామాలను తెలిపే ఒక ఫైలు ఇది. కెర్నల్ దానిని చదివి తగిన డ్రైవర్లను జతచేసుకుంటుంది. మనం గడియారాన్నో సెన్సర్‌నో అదనంగా కలిపితే ఆ విషయాన్ని కూడా ఇందులో చేర్చాలి.

మూడవది బూట్ క్రమం. బీగల్‌బోన్ బ్లాక్‌లో చిప్‌లోని శాశ్వత ప్రోగ్రాము ముందుగా ఒక చిన్న లోడర్‌ను, అది యు-బూట్‌ను, యు-బూట్ కెర్నల్‌ను వరుసగా తీసుకువస్తాయి. తొలి రాస్ప్‌బెర్రీ పైలో మొదట మేల్కొనేది గ్రాఫిక్స్ విభాగం. అది మెమరీ కార్డులోని తన ఫర్మ్‌వేర్ ఫైళ్లను చదివిన తర్వాతనే ఆర్మ్ ప్రాసెసర్‌కు పని అప్పగిస్తుంది. ఈ ఫర్మ్‌వేర్‌కు సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఓపెన్ సోర్స్ వ్యవస్థ నడుస్తున్న బోర్డులో కూడా మనం మార్చలేని భాగం ఉండవచ్చునని దీనివలన గ్రహించాలి.

వ్యవస్థ ఎంపిక

పాత బోర్డుకు తగిన వ్యవస్థను ఎంచుకునేటప్పుడు విభాగం పేరును మాత్రమే నమ్మరాదు. డెబియన్‌లో ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అంటే ఏడవ తరం. ఆల్పైన్ లినక్స్‌లో అదే పేరు ఆరవ తరానికి వర్తిస్తుంది. ఆల్పైన్ పరిమాణంలో చిన్నది. వ్యవస్థనంతా మెమరీలోకి ఎక్కించి నడిపే పద్ధతి దానిలో ఉన్నందున మెమరీ కార్డుపై రాతలు తగ్గుతాయి. నెట్‌బీఎస్‌డీ కూడా ఆరవ తరం బోర్డులపై నడుస్తుంది. అయితే దాని కెర్నల్ వేరు గనుక లినక్స్‌కు రాసిన సెన్సర్ డ్రైవర్లు అందులో ఉపయోగపడవు. ఒకే పని చేసే డేటా లాగర్‌కు బిల్డ్‌రూట్ అనువైనది. అవసరమైన ప్రోగ్రాములను మాత్రమే ఎంచుకుంటే అది కంపైలర్‌తో సహా మొత్తం వ్యవస్థను సోర్స్ కోడ్ నుంచి తయారుచేస్తుంది.

కొన్ని చిప్‌లకు తయారీదారులు తమ సొంత మార్పులతో పాత కెర్నల్‌ను ఇచ్చి అక్కడే ఆపివేశారు. ఆల్‌విన్నర్ ఏ10, ఏ20 చిప్‌లకు ఇచ్చిన 3.4 కెర్నల్ ఇందుకు ఉదాహరణ. తరువాత స్వచ్ఛంద బృందాలు ఆ చిప్‌ల మద్దతును ప్రధాన కెర్నల్‌లోకి చేర్చాయి. మన బోర్డు ప్రధాన కెర్నల్‌లో ఉన్నదా లేదా అన్నది మొదట చూడవలసిన విషయం. లేనిచో విద్యార్థి పరిశోధన కాలమంతా డ్రైవర్లకే సరిపోతుంది.

ఆచరణ క్రమం

1. ముందుగా బోర్డు సీరియల్ పిన్నులకు 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్ కలపాలి. తెరపై ఏమీ రాని దశలో కూడా బూట్ సందేశాలు దీని ద్వారా కనిపిస్తాయి. 5 వోల్టుల కేబుల్ వాడితే చిప్ దెబ్బతింటుంది.

2. కంపైల్ చేయడం డెస్క్‌టాప్‌పై జరగాలి. డెబియన్, ఉబుంటు ఇచ్చే ఆర్మ్‌హెచ్‌ఎఫ్ కంపైలర్‌కు ఆరవ తరం అని సూచించినంత మాత్రాన సరిపోదు. దానితో వచ్చే లైబ్రరీలు ఏడవ తరానికి తయారైనవి కనుక ఫలితం పై జీరోపై ఆగిపోతుంది. బిల్డ్‌రూట్ తయారుచేసుకున్న కంపైలర్‌తో ఈ చిక్కు ఉండదు.

3. బోర్డు మొదట సెన్సర్లు లేకుండా బూట్ కావాలి. ఆ తర్వాత ఒక్కొక్క పరికరాన్ని డివైస్ ట్రీలో చేర్చి, ఒక్కొక్కసారి పరీక్షించాలి. ఒకేసారి అన్నీ చేరిస్తే లోపం ఎక్కడున్నదో తెలియదు.

4. డీఎస్3231 వంటి గడియారాన్ని తప్పనిసరిగా జతచేయాలి. 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య దీని దోషం పది లక్షల సెకన్లకు 2 సెకన్లకు మించదు. అనగా సంవత్సరానికి సుమారు ఒక నిమిషం.

5. వ్యవస్థ ఉన్న విభాగాన్ని చదవడానికి మాత్రమే అనుమతించి, సమాచారాన్ని వేరొక విభాగంలో రాయించాలి. హఠాత్తుగా కరెంటు పోయినా వ్యవస్థ చెడిపోకుండా ఇది కాపాడుతుంది.

2038 సమస్య

యునిక్స్ సంప్రదాయంలో సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లుగా లెక్కిస్తారు. పాత 32 బిట్ వ్యవస్థలలో ఈ సంఖ్య 2,147,483,647 దాటలేదు. భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ హద్దు వస్తుంది. మరుసటి సెకనుకు తేదీ 1901 డిసెంబరులోకి వెళ్లిపోతుంది. లినక్స్ కెర్నల్‌లో 5.6 వెర్షన్ నుంచి, అనగా 2020 నుంచి, 32 బిట్ ప్రాసెసర్లపై కూడా ఇందుకు పరిష్కారం ఉన్నది. మజిల్ లైబ్రరీ 1.2 వెర్షన్‌తో 64 బిట్ సమయానికి మారింది. ఆల్పైన్ దీనినే వాడుతుంది. డెబియన్ 13 ఆర్మ్‌హెచ్‌ఎఫ్ విభాగంలో ఈ మార్పు చేసింది.

ఇది దూరపు సంగతి అనుకోరాదు. మన దేశంలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల అఖిల భారత సమన్వయ పథకం 1970లోనే ఆరంభమైంది. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ ప్రయోగం 1843 నుంచి సాగుతున్నది. ఇటువంటి ప్రయోగాలలో అమర్చే పరికరం 2038 వరకు నిలవడం అసాధ్యమేమీ కాదు. పాత కార్డుపై ఉన్న పాత వ్యవస్థను అలాగే వాడుతూ పోవడం కంటె కొత్త కెర్నల్‌కు పోర్ట్ చేయడం మేలనడానికి ఇదొక ప్రధాన కారణం.

పొలానికి పంపే ముందు పరీక్షలు

నెట్‌వర్క్ తీసివేసి బోర్డును ఇరవైసార్లు హఠాత్తుగా ఆపి, వేర్వేరు విరామాల తర్వాత తిరిగి నడపాలి. ప్రతిసారి సమయం చేతి గడియారంతో సరిపోవాలి. కార్డు నకలుపై తేదీని 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాలకు మార్చి, హద్దు దాటిన తర్వాత నమోదులు ఎలా ఉన్నవో చూడాలి. మనం రాసుకున్న ప్రోగ్రాములలోని లోపాలు కూడా ఇక్కడ బయటపడతాయి.

డీఎస్18బీ20 సెన్సర్ విద్యుత్ అందిన వెంటనే, కొలత పూర్తికాక ముందు, 85 డిగ్రీలని చూపుతుంది. సమాచారంలో సరిగ్గా 85 కనిపిస్తే అది నేల వేడి కాదని గుర్తించాలి, సగటులో కలపరాదు.

చివరగా కనీసం రెండు వారాలు సాధారణ నేల థర్మామీటరుతో పోల్చాలి. వ్యవసాయ వాతావరణ కేంద్రాలలో ఉదయం 7, మధ్యాహ్నం 2 గంటల పరిశీలనలు స్థానిక సగటు కాలమానం ప్రకారం జరుగుతాయి. హైదరాబాదులో అది భారత కాలమానం కంటె సుమారు 16 నిమిషాలు వెనుక ఉంటుంది. ఈ తేడాను లెక్కలోకి తీసుకొనకపోతే మంచి గడియారం కూడా తప్పుగా తోస్తుంది.

పోర్టింగ్ తగని సందర్భాలు

ఒకే సెన్సర్‌ను చదివి కార్డుపై రాయడమే పనైతే ఆపరేటింగ్ సిస్టమ్ అవసరం లేని మైక్రోకంట్రోలర్ చాలు. విద్యుత్తు కూడా ఎంతో ఆదా అవుతుంది. డ్రైవర్ల సోర్స్ కోడ్ ఇవ్వని బోర్డుపై కాలం వెచ్చించరాదు. భద్రతా సవరణలు అందని వ్యవస్థను ఇంటర్నెట్‌కు నేరుగా కలపరాదు.

ముగింపు

పాత బోర్డు బూట్ కావడంతో పోర్టింగ్ పూర్తి అయినట్లు కాదు. అది ఇచ్చే ప్రతి సంఖ్యకు సరైన తేదీ, సరైన వేళ జతపడినప్పుడే ఆ పని పూర్తవుతుంది. విద్యార్థులు తాము వాడిన కెర్నల్ వెర్షన్‌ను, డివైస్ ట్రీ ఫైలును, పరీక్షల ఫలితాలను ఎరువుల మోతాదులు రాసినంత శ్రద్ధగా క్షేత్ర పుస్తకంలో నమోదు చేయాలి. తర్వాత వచ్చే విద్యార్థి అదే బోర్డును అదే నమ్మకంతో వాడుకోగలిగేది అప్పుడే.