ఆరోగ్య పాఠం: సెమిస్టరు మధ్యలో మానుకోవాలా?



మన ఆసుపత్రి కుటుంబాలలో అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు ఉన్నవారు చాలామందే ఉన్నారు. ఇక్కడ నర్సింగ్ నేర్చుకొని అక్కడ స్థిరపడినవారి పిల్లలు కొందరు ఇప్పుడు డాక్టరు చదువు వైపు నడుస్తున్నారు. అలాంటి పిల్లల నుండి అమ్మానాన్నలకు, ఇక్కడున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు ఒక్కోసారి ఫోనులో ఒక మాట వినబడుతుంది: "ఈ సెమిస్టరు నావల్ల కావడం లేదు. మానేద్దామనుకుంటున్నాను." వినగానే ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడవు. ఇటువంటి సమయంలో ఏమి చూడాలి, ఏమి అడగాలి, ఎలా నిర్ణయించాలి అనేది ఈ నెల పాఠంగా తీసుకున్నాము.

ప్రీ-మెడ్ అంటే ఏమిటి?

మన దేశంలో ఇంటర్ తరువాత నీట్ రాసి నేరుగా ఎం.బి.బి.ఎస్.లో చేరతారు. బ్యాచ్‌తో పాటు నడవాలి. మధ్యలో ఆగితే సీటు పోయినట్టేనన్న భయం మనకు ఉంటుంది. అమెరికా పద్ధతి వేరు. అక్కడ ముందు 4 సంవత్సరాల డిగ్రీ చదవాలి. ప్రీ-మెడ్ అనేది డిగ్రీ పేరు కాదు. డాక్టరు చదువుకు వెళ్ళదలచిన విద్యార్థి జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, ఆర్గానిక్ కెమిస్ట్రీ, భౌతికశాస్త్రం వంటివి ప్రయోగాలతో సహా పూర్తి చేసే దారికి ఆ పేరు. తరువాత ఎంక్యాట్ పరీక్ష రాయాలి. అది సుమారు ఏడున్నర గంటలు పట్టే పరీక్ష. ఆపైన మెడికల్ కాలేజీలో మరో 4 సంవత్సరాలు.

మార్కులు మాత్రమే చాలవు. పరిశోధన, ఆసుపత్రిలో సేవ, రోగుల మధ్య అనుభవం కూడా చూస్తారు. అందుకే పిల్లలు ఒకదాని మీద ఒకటి నెత్తికెత్తుకుంటారు. ఏదీ చెడ్డ పని కాదు. అన్నీ మంచి పనులే కావడం వలన దేన్నీ వదలలేరు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందుగా గంటలు లెక్కపెట్టాలి

వార్డులో రోగి వచ్చిన వెంటనే నర్సు నాడి, ఉష్ణోగ్రత, రక్తపోటు చూసి రాస్తుంది. మందు సంగతి ఆ తరువాత. ఇక్కడ కూడా ముందు కొలవాలి.

ఉదాహరణకు మూడవ సంవత్సరం చదువుతున్న 20 ఏళ్ళ అమ్మాయిని ఊహించుకుందాం. అమెరికా కాలేజీలలో ఒక క్రెడిట్‌కు వారానికి ఒక గంట తరగతి, రెండు గంటల సొంత చదువు అని లెక్క. ఆమె 18 క్రెడిట్లు తీసుకున్నది. అంటే 54 గంటలు. పరిశోధనశాలలో 12 గంటలు. క్లినిక్‌లో డాక్టరు చెప్పేది కంప్యూటరులో రాసిపెట్టే ఉద్యోగం 20 గంటలు. ఆసుపత్రిలో సేవ 4 గంటలు. విద్యార్థి సంఘం 6 గంటలు. ఎంక్యాట్ చదువు 15 గంటలు. మొత్తం 111 గంటలు.

వారానికి ఉన్నవే 168 గంటలు. స్నానం, భోజనం, నడక, బట్టలు ఉతుక్కోవడం వీటికి రోజుకు 3 గంటలు వేసినా 21 పోతాయి. ఇక నిద్రకు మిగిలినవి 36. అంటే రోజుకు 5 గంటల పైచిలుకు మాత్రమే. పెద్దవారికి కనీసం 7 గంటల నిద్ర అవసరం. ఈ అమ్మాయి వారానికి 13 గంటల నిద్రను అప్పు తీసుకుంటున్నది. జలుబు చేసినా, బస్సు తప్పిపోయినా, స్నేహితురాలికి కష్టం వచ్చినా ఆ అప్పు ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్క కాగితం మీద కనబడగానే ఒక విషయం తేలిపోతుంది. ఆమె సోమరి కాదు, తెలివితక్కువది కాదు. ఒక నర్సుకు చూడగలిగినంతకు మించి రోగులను అప్పగిస్తే పొరపాటు జరుగుతుంది. అప్పుడు నర్సును తిట్టడం కన్నా డ్యూటీ చార్టు సరిచేయడం ముఖ్యం.

అలసటా? జబ్బా?

రెండవ మెట్టు ఇది. నిర్ణయమంతా దీని మీదనే ఆధారపడి ఉంటుంది.

రెండు మూడు రోజులు బాగా నిద్రపోయి, ఇంటి భోజనం తింటే తేరుకునేది అలసట. తేరుకోకపోతే డాక్టరుకు చూపించాలి. నీరసానికి రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా కారణాలు కావచ్చు. మామూలు రక్తపరీక్షలలోనే అవి బయటపడతాయి. ఆడపిల్లలలో నెలసరి తప్పడం, బరువు తగ్గడం కూడా గమనించాలి.

రెండు వారాలకు మించి రోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర పట్టకపోవడం లేదా మంచం దిగలేకపోవడం, తాను పనికిరానిదాన్నని అనుకోవడం – ఇవి డిప్రెషన్ లక్షణాలు. ఇది జబ్బు. దీనికి వైద్యం ఉంది. చచ్చిపోతే బాగుండునన్న మాట నోట వస్తే సెమిస్టరు సంగతి పక్కన పెట్టి అదే రోజు సహాయం పొందాలి. వారిని ఒంటరిగా ఉంచకూడదు. అమెరికాలో 988 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, మెసేజి కూడా పంపవచ్చు. మన దేశంలో టెలి మానస్ నంబరు 14416. ఇందులో తెలుగులో మాట్లాడవచ్చు. రెండూ 2022 నుండి పనిచేస్తున్నాయి.

మరొక హెచ్చరిక. మెలకువగా ఉండటానికి కాఫీలు, ఎనర్జీ డ్రింకులు అదేపనిగా తాగడం గుండెదడకు, ఆందోళనకు దారి తీస్తుంది. ఏకాగ్రత లోపానికి డాక్టరు వేరొకరికి రాసిచ్చిన మాత్రలను స్నేహితుల దగ్గర తీసుకొని వేసుకోవడం నేరం, ప్రమాదం కూడా.

ఉన్న దారులు నాలుగు

మానుకోవడమా, కొనసాగడమా అని రెండే దారులు ఉన్నాయనుకోవడం వలన భయం పెరుగుతుంది. నిజానికి నాలుగు ఉన్నాయి.

1. చదువును అలాగే ఉంచి బయటి పనులు తగ్గించుకోవడం. ఎంక్యాట్ తేదీని వాయిదా వేయవచ్చు, ఉద్యోగం గంటలు తగ్గించుకోవచ్చు.
2. ఒకటి రెండు సబ్జెక్టులు మాత్రమే వదులుకోవడం.
3. పని కొద్దిగా మాత్రమే మిగిలి ఉంటే, అధ్యాపకులను అడిగి గడువు పొందడం. దీనిని ఇన్‌కంప్లీట్ అంటారు.
4. సెమిస్టరు మొత్తం మానుకోవడం. ఆరోగ్య కారణమైతే మెడికల్ విత్‌డ్రాయల్ అనే ప్రత్యేక పద్ధతి చాలా కాలేజీలలో ఉంది. దానికి డాక్టరు పత్రం కావాలి.

మనం ఊహించుకున్న అమ్మాయి ఆరోగ్యంగానే ఉండి భారం వలన మాత్రమే కుంగుతున్నదనుకుందాం. 6 క్రెడిట్లు వదిలితే చదువు 36 గంటలకు దిగుతుంది. ఎంక్యాట్, సంఘం పని ఆపి, ఉద్యోగాన్ని 8 గంటలకు తగ్గిస్తే మొత్తం 60 గంటలు అవుతుంది. ఆమె నిద్రపోగలదు. ఇంకా 12 క్రెడిట్లు ఉంటాయి కనుక పూర్తికాలపు విద్యార్థిగానే కొనసాగుతుంది. ఆమెకు సెమిస్టరు మొత్తం మానుకోవలసిన అవసరం లేదు.

అదే అమ్మాయి మంచం దిగలేకపోతూ, మూడు వారాలుగా తరగతికి పోలేని స్థితిలో ఉంటే, ఒకటి రెండు సబ్జెక్టులు తీసేసినందువలన ప్రయోజనం లేదు. వైద్యం కోసం సెమిస్టరు ఆపడమే సరి. కాబట్టి ఈ సూత్రం గుర్తుంచుకోండి: భారం వలన అయితే భారం దించాలి, జబ్బు వలన అయితే చదువు ఆపి జబ్బు నయం చేసుకోవాలి.

మార్కుల పత్రంలో 'డబ్ల్యు'

సెమిస్టరు మొదటి రోజుల్లో సబ్జెక్టు వదిలితే సాధారణంగా పత్రంలో గుర్తే ఉండదు. ఆ తరువాత, గడువు తేదీ లోపల వదిలితే 'డబ్ల్యు' అని పడుతుంది. గడువు దాటితే వచ్చిన గ్రేడే పడుతుంది. ఈ తేదీలు ఒక్కో కాలేజీకి ఒక్కో విధంగా ఉంటాయి.

'డబ్ల్యు' జి.పి.ఏ. లెక్కలోకి రాదు. తక్కువ గ్రేడు వస్తుంది. ఆ అమ్మాయికి ఇంతవరకు 60 క్రెడిట్లలో 3.6 ఉన్నదనుకుందాం. 18 క్రెడిట్లూ ఈడ్చుకొని అన్నింటిలో 'సి' తెచ్చుకుంటే జి.పి.ఏ. 3.23కు పడిపోతుంది. 6 క్రెడిట్లు వదిలి మిగిలిన 12లో 'బి ప్లస్' తెచ్చుకుంటే 3.55 ఉంటుంది. తరువాత మళ్ళీ చదివి మంచి గ్రేడు తెచ్చుకోవచ్చు కదా అంటారు. కానీ ఎం.డి. కాలేజీలలో ఎక్కువ వాటికి దరఖాస్తులు వెళ్ళే ఆమ్‌కాస్ విధానంలో పాత గ్రేడును, కొత్త గ్రేడును రెండింటినీ లెక్కలో వేస్తారు. పాతది చెరిగిపోదు.

కారణం చెప్పగలిగిన ఒక్క కష్టకాలపు 'డబ్ల్యు'లు, ఆ తరువాత నిలకడైన చదువు ఉంటే తలుపులు మూసుకుపోవు. ప్రతి సెమిస్టరులోను ఉంటే మాత్రం ప్రశ్నలు వస్తాయి. ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. అక్కడ మెడికల్ కాలేజీలో చేరేవారిలో సగానికి పైగా డిగ్రీ తరువాత కనీసం ఒక సంవత్సరం ఆగి చేరుతున్నవారే. ఆలస్యం అక్కడ అవమానం కాదు.

సంతకం పెట్టకముందు అడగవలసినవి

సెమిస్టరు మొత్తం మానుకునేవారు ఈ క్రింది విషయాలు కాలేజీ ఆఫీసులలో అడిగి రాసుకోవాలి.

1. గడువు తేదీ ఏది? ఫీజులో ఎంత తిరిగి వస్తుంది? సాధారణంగా వారాలు గడిచేకొద్దీ అది తగ్గుతుంది.
2. ప్రభుత్వ సహాయం తీసుకుంటున్నారా? సెమిస్టరులో 60 శాతం కాలం గడవకముందే అన్ని సబ్జెక్టులూ వదిలితే, ఆ సహాయంలో కొంత తిరిగి కట్టవలసి రావచ్చు. 15 వారాల సెమిస్టరులో అది సుమారు 9 వారాలు. విద్యా రుణం ఉంటే ఎప్పటి నుండి కట్టాలో కూడా అడగాలి.
3. ఎఫ్-1 వీసా మీద ఉన్నారా? అయితే కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి నుండి ముందుగా అనుమతి పొందిన తరువాతనే తగ్గించుకోవాలి, మానుకోవాలి. ముందు మానేసి తరువాత చెప్పడం వలన వీసా హోదా పోతుంది. అనారోగ్యమైతే డాక్టరు పత్రంతో అనుమతి ఇచ్చే నిబంధన ఉంది.
4. ఆరోగ్య బీమా నిలుస్తుందా? తల్లిదండ్రుల బీమాలో 26 ఏళ్ళు నిండేవరకు పిల్లలు ఉండవచ్చు. కాలేజీ బీమా అయితే అడిగి తెలుసుకోవాలి. వైద్యం కోసం చదువు ఆపి బీమా పోగొట్టుకోకూడదు.
5. హాస్టలు ఖాళీ చేయాలా? తిరిగి చేరడానికి ఏమి చేయాలి?

తల్లిదండ్రులకు ఒక మాట

అక్కడి 1974 నాటి విద్యా చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి మార్కుల వివరాలపై హక్కు విద్యార్థిదే. కాలేజీవారు మీకు ఉత్తరం రాస్తారని అనుకోవద్దు. పిల్ల చెబితేనే మీకు తెలుస్తుంది. చెప్పిన మొదటిసారి మీరు ఎలా విన్నారన్న దాని మీద రెండవసారి చెప్పడం ఆధారపడి ఉంటుంది.

"ఇంత ఖర్చు పెట్టాము", "నలుగురూ ఏమనుకుంటారు", "ఫలానావారి అమ్మాయి చేయలేదా" – ఈ మూడు మాటలు ఆ పూటకు పక్కన పెట్టండి. "ఎన్ని గంటలు నిద్రపోతున్నావమ్మా? అన్నం తింటున్నావా? ఎప్పటి నుండి ఇలా ఉంది?" అని అడగండి. ఖర్చు సంగతి తప్పక మాట్లాడాలి. అయితే మరునాడు, కాగితం దగ్గర పెట్టుకొని మాట్లాడండి. డాక్టరు చదువు అసలు తనకు ఇష్టమేనా అన్నది కూడా ఎప్పుడో ఒకప్పుడు అడగవలసిన ప్రశ్నే. బాగా అలసి ఉన్న రోజున మాత్రం దానికి జవాబు తేల్చవద్దు.

మానుకున్న తరువాత

వార్డులో మంచం ఖాళీ అయిన వెంటనే దుప్పటి మార్చకుండా మరొక రోగిని పడుకోబెట్టము. సెమిస్టరు మానుకున్నవారు కూడా దొరికిన గంటలను వెంటనే ఉద్యోగంతో, ఎంక్యాట్‌తో నింపుకుంటే ఆరు నెలల తరువాత మళ్ళీ అదే స్థితికి వస్తారు. మొదటి నెల నిద్ర, భోజనం, వైద్యం, కొద్దిపాటి నడక. తరువాత ఒకే ఒక్క పని. తిరిగి చేరినప్పుడు తక్కువ క్రెడిట్లతో మొదలు.

వదిలే పనులను చెప్పకుండా మానేయకూడదు. డ్యూటీ దిగే నర్సు, వచ్చే నర్సుకు ప్రతి రోగి సంగతీ చెప్పి అప్పగిస్తుంది. అది పారిపోవడం కాదు. అలాగే పరిశోధనశాలలోను, క్లినిక్‌లోను చేసిన పని రాసిపెట్టి, ఫలానా తేదీ నుండి రాలేనని చెప్పి అప్పగించాలి. తన శక్తికి మించినప్పుడు సమయానికి నోరు తెరిచి చెప్పడం రేపు డాక్టరు అయ్యాక రోగుల ప్రాణాలు కాపాడే అలవాటు. దానిని ఇప్పుడే నేర్చుకోవచ్చు.

ఇంట్లో కలిసి ఆలోచించడానికి ప్రశ్నలు

1. మీ ఇంట్లో చదువుకునే బిడ్డ వారం గంటలను కాగితం మీద వేయండి. నిద్రకు ఎన్ని మిగిలాయి?
2. అలసటకు, డిప్రెషన్‌కు మధ్య తేడాలు ఏమిటి?
3. సెమిస్టరు మొత్తం మానుకోకుండా భారం తగ్గించుకునే మూడు దారులు చెప్పండి.
4. "నావల్ల కావడం లేదు" అని బిడ్డ చెప్పినప్పుడు మీరు అడగబోయే మొదటి ప్రశ్న ఏది?

పిల్లలు దూరాన ఉన్నవారు ఈ పేజీని వారికి ఫోనులో చదివి వినిపించండి. మన ఊళ్ళో నర్సింగ్, ఇంజినీరింగ్ చదివే పిల్లలకు కూడా గంటల లెక్క ఒక్కటే. కాగితం, పెన్ను తీసుకొని ఈ ఆదివారమే కూర్చోండి.